ఊడవని నేల

మొన్న ఉదయం మా అమ్మాయి ఆఫీసు పని మీద ఎయిర్‌పోర్టుకి బయలుదేరి, కారు ఇంకా వీధి మలుపు తిరిగిందో లేదో, హాల్లో మూలనున్న గుండ్రటి యంత్రం తనంతట తానే కదిలి నేలంతా ఊడవడం మొదలుపెట్టింది. మనిషి గడప దాటగానే ఇల్లు ఊడవకూడదని మనలో ఎవరికి వాళ్ళమ్మ చెప్పలేదు కనుక! గబగబా వెళ్ళి దాన్ని ఆపి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటే, డిట్రాయిట్ పక్కన ట్రాయ్ అనే ఊళ్ళో మేమున్న పాత ఇల్లు కళ్ళముందుకొచ్చింది.

ఎనభైలో సంగతి. మావారు కార్ల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. డిట్రాయిట్‌లో అందరి ఉద్యోగాలూ పోతున్న రోజుల్లో ఆయనదీ పోతే, ఒక యూనివర్సిటీ తవ్వకాలవాళ్ళు ప్లాన్లు గీసే పనిచ్చారు. వాళ్ళు తవ్వుతున్నది ఇరాక్ ఉత్తర భాగంలో, వేల ఏళ్ళ కిందటి అస్సీరియా రాజ్యపు సరిహద్దులో బయటపడిన చిన్న ఊరు. కోటలూ సింహాల బొమ్మలూ కాదు, మామూలు సంసారుల ఇళ్ళు. శుభ్రంగా ఊడ్చుకున్న ఇల్లు తవ్వేవాళ్ళకి ఏమీ చెప్పదనీ, పొయ్యి పక్కన చిందిన బార్లీ గింజలూ పగిలిన కూజా పెంకులూ అలాగే పడి ఉంటేనే ఆ ఇంటివాళ్ళు ఎలా బతికారో తెలుస్తుందనీ ఆయన నాకు పాఠం చెప్పేవారు. శత్రువులు మీదపడితే అన్నీ వదిలేసి పారిపోయి ఉంటారని ప్రొఫెసర్ గారి నమ్మకమట. అయితే మన వంటిల్లు చూస్తే మీ ప్రొఫెసర్ పండగ చేసుకుంటాడని నేను వేళాకోళం చేసేదాన్ని.

ఆ సెప్టెంబరులో ఆయన్ని అక్కడికే పంపారు. కరివేపాకు పొడి మూటకట్టే హడావుడిలో ఆవాల డబ్బా చేయిజారి వంటింటి నేలంతా చిందింది. ఆయన తాగిన కాఫీ గ్లాసు కుర్చీ పక్కన నేలమీదే ఉండిపోయింది. చేరినట్టు కబురొచ్చాక ఊడుద్దామనుకున్నాను. ఆ కబురు రాకముందే టీవీలో ఇరాక్, ఇరాన్ యుద్ధం వార్త వచ్చింది.

యూనివర్సిటీకి ఫోన్ చేస్తే లైన్లు కలవడం లేదనేవారు. ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం. నాలుగేళ్ళ పిల్ల "అమ్మా, ఫ్లోర్ అంతా యక్కీగా ఉంది, క్లీన్ చెయ్యవా?" అని మొహం చిట్లించేది. పక్క వీధి తెలుగావిడ, నేను వదినా అని పిలిచే మనిషి, ఒకరోజు సాయానికొచ్చి, "ఇంకా ఈ పట్టింపులేంటమ్మా? లే, నేను క్లీన్ చేసేస్తా" అని చీపురందుకుంటే, నాకే తెలియని గొంతుతో అరిచేశాను. చదువుకున్నదాన్నే, కానీ ఆ ఆవాలు ఎత్తేస్తే ఆయన్ని నా చేతులతో పోగొట్టుకున్నట్టే అనిపించేది. అలాగే ఉంచితే ఇంకో భయం. వదిలి వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు కనుకనే కదా ఆ బార్లీ గింజలు అక్కడ మిగిలాయి!

చివరికి టర్కీ మీదుగా రోడ్డున బయటపడి, కబురుకంటే ముందు మనిషే వచ్చారు. పెట్టె చేత్తోనే వంటింటి గుమ్మంలో ఆగిపోయారు. గ్లాసులో ఎండిన కాఫీనీ, ఆవాలు తొక్కకుండా నేనూ పిల్లా నడిచిన సన్నటి దారినీ చూస్తూ, లోపల కాలు పెట్టకుండా గొంతుక్కూర్చున్నారు. ఊడవలేదా అన్నారు, లేదన్నాను. ఇద్దరం ఏడ్చేశాం. ఆ రోజు చీపురు ఆయనే పట్టారు.

ఇప్పుడు ఆయన లేరు. అమ్మాయి విమానం మాత్రం ఫోన్‌లో చిన్న చుక్కై కదులుతూ కనిపిస్తూనే ఉంటుంది, ఇంట్లో ఉన్నవాళ్ళు కబురుకోసం కాచుకునే పనే లేకుండా పోయింది. అయినా యంత్రాన్ని సాయంత్రం దాకా ఆపే ఉంచాను. ఆ సరిహద్దు ఊరి ఇల్లాలు అన్నీ వదిలి పారిపోయిందనే ప్రొఫెసర్ గారు తేల్చారట. నాకు మాత్రం ఆవిడ ఎక్కడికీ పోలేదనిపిస్తుంది. ఎవరినో సాగనంపి, వాళ్ళు వచ్చాక ఊడుద్దామని కూర్చుని ఉంటుంది.