మరి వాళ్ళో బావ

మా బావ ఎదుట టీచరుగారి మీద ఈగ వాలకూడదు. విమర్శ సంగతి దేవుడెరుగు, ఆవిడ పేరు రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టినా ఊరుకోడు.

బావంటే మా అక్క మొగుడు. బజారు మలుపులో మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే కొట్టు ఆయనది. టీచరుగారంటే మా పేటలో సగంమందికి లెక్కలు చెప్పి, రిటైరై, కాళ్ళు చాపుకుని కూర్చోవలసిన వయసులో వార్డు కౌన్సిలరు పదవికి నిలబడినావిడ. ఆవిడకి పోటీ, అప్పటి కౌన్సిలరైన సిమెంటు కొట్టాయన. ఇద్దరే అభ్యర్థులు. కానీ ప్రచారం మొదలయ్యాక చూస్తే టీచరుగారు ఇద్దరితో తలపడుతున్నట్టు తేలింది. ఒకరు సిమెంటు కొట్టాయన. రెండోవాడు ఆవిడ వీరాభిమాని, మా బావ.

పేట మొత్తానికీ ఫోన్లలో ఒక గ్రూపుంది. కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పుకోవడానికి పెట్టుకున్నది. ఎన్నికలొచ్చాక అందులో నీళ్ళ కబురు పోయి నిప్పులు మొదలయ్యాయి. ఆ నిప్పులు రాజేసేవాడు మా బావే. ఆయన దగ్గర అస్త్రం ఒక్కటే: "మరి వాళ్ళో?"

"టీచరుగారి మీటింగు గంట ఆలస్యమైందే" అని ఎవరో అన్నారు.

"మరి వాళ్ళో? వాళ్ళ మీటింగు ఎందుకు మొదలైందా అని జనం ఏడ్చారు!"

"మైకు సరిగ్గా వినపడలేదండీ."

"మరి వాళ్ళో? వినపడి మాత్రం ఏం ఉద్ధరించారు?"

"టీచరుగారికి ఒంట్లో బాగుందా?" అని పాపం ఒక ముసలాయన అడిగాడు. నిజంగా బాగోగులే అడిగాడాయన.

"ఆవిడ ఆరోగ్యం మీద పుకార్లు పుట్టిస్తే చూస్తూ ఊరుకోం!" అని జవాబొచ్చింది. ఆ ముసలాయన మళ్ళీ ఎవరి బాగోగులూ అడిగిన పాపాన పోలేదు.

అలవాటు ముదిరి ఇంట్లోకీ పాకింది. "తడి తువ్వాలు మంచం మీద పడేశారేంటండీ?" అని అక్క అడిగితే, "మరి మీ తమ్ముడో?" అన్నాడు. నేను ఆ తువ్వాలును తాకలేదు. ఆ మంచాన్నీ తాకలేదు. ముందుగదిలో కూర్చుని, అక్కిచ్చిన కాఫీ తాగుతూ టీచరుగారి కరపత్రానికి నాలుగు వాక్యాలు రాసుకుంటున్నాను. అభ్యర్థి మంచిదని జనానికి చెప్పడం నాకు అప్పగించిన పని. పొద్దున నేను నాలుగు వాక్యాల్లో కట్టినదాన్ని సాయంత్రానికి మా బావ రెండు మాటల్లో కూల్చేవాడు.

ఇంతకీ వింతేమిటంటే, కొట్టులో ఆయన ఇలా ఉండడు. ఒకసారి నా ఎదురుగానే ఒకావిడ మిక్సీ తెచ్చి బల్ల మీద దబ్బున పెట్టింది.

"నిన్న బాగుచేసిచ్చావు, ఇవాళ పొగొచ్చింది. ఇదేం పనయ్యా? డబ్బులు దండగ!"

బావ మొహంలో రంగు కూడా మారలేదు. "ఇలా ఇవ్వండమ్మా, చూస్తాను" అని స్క్రూడ్రైవరు అందుకున్నాడు. ఆవిడ వెళ్ళాక నేనుండబట్టలేక అడిగాను.

"మరి ఎదురు కొట్టువాడో అనలేదేం బావా?"

"పిచ్చా నీకు? పొగొచ్చిందంటే వచ్చినట్టేగా. ఎక్కణ్ణుంచొచ్చిందో చూడాలి. ఆవిడతో పోట్లాడితే మిక్సీ తిరుగుతుందా?"

"ఈ ముక్కే గ్రూపులో పాటించవచ్చుగా?"

"అది వేరు."

"ఎలా వేరు?"

"ఇక్కడ అంటున్నది నన్ను. అక్కడ అంటున్నది టీచరుగార్ని" అన్నాడు, ఇంత తేలిక లెక్క కూడా రాదా అన్నట్టు.

ఆ తేడా ఏమిటో నాకప్పుడు బుర్రకెక్కలేదు. ఎక్కించుకునే తీరికా లేదు. ఎందుకంటే ఆ వారమే కుట్టుమిషను అక్క ప్రశ్న అడిగింది.

కుట్టుమిషను అక్కది వెనక సందు. సందులో అందరి బట్టలూ ఆవిడ చేతిమీదుగా వెళ్ళవలసిందే కనుక అందరి కొలతలూ ఆవిడకి తెలుసు, మనుషుల కొలతలతో సహా. ఆవిడ ఎటు మొగ్గితే సందు అటు మొగ్గుతుంది. అలాంటి మనిషి గ్రూపులో ఇలా రాసింది: "టీచరుగారు గెలిస్తే మా సందు చివర లైటు వేయిస్తారా? చీకట్లో పిల్లలు ట్యూషన్ నుంచి రావడానికి భయపడుతున్నారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఓటు వేయదలచుకోనివాళ్ళు ప్రశ్నలడగరు, తిట్టిపోస్తారు. అడిగారంటే ఇంకా తలుపు తీసే ఉందని అర్థం. ఫోను టీచరుగారికి చూపిద్దామని చెప్పులు వేసుకుంటున్నాను. ఇంతలో తెర మీద మా బావ పేరు, దాని పక్కన 'టైపింగ్' అనే మాట కనిపించాయి. చెప్పులు విడిచేసి కూలబడ్డాను.

"ఇన్నేళ్ళుగా ఉన్న కౌన్సిలరుని ఎప్పుడైనా అడిగారా?"

"అప్పుడు నోరు పెగల్లేదేం?"

"ఈ ప్రశ్న మీచేత ఎవరు అడిగిస్తున్నారో మాకు తెలుసు."

చివరికి, సంతకం పెట్టినట్టు: "మరి వాళ్ళో?"

కుట్టుమిషను అక్క ఒక్క ముక్క రాసింది. "నాచేత అడిగించింది మా సందులో చీకటి." రాసి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే వాళ్ళ పక్కింటివాళ్ళు, వాళ్ళ పైవాటావాళ్ళు, ఎదురింటివాళ్ళు. కరెంటు పోయిన సినిమాహాల్లోంచి జనం లేచిపోయినట్టు సందుకి సందే లేచిపోయింది.

"చూశావా, ఎలా పారిపోయారో!" అన్నాడు బావ కాలర్ సర్దుకుంటూ.

"పారిపోయింది ఓట్లు బావా."

"పోనీ. అలాంటి ఓట్లు మనకెందుకు?"

"ఎన్నికల్లో గెలవడానికి ఇంకెలాంటి ఓట్లుంటాయండీ?" అని వంటింట్లోంచి అక్క అడిగింది.

టీచరుగారు కబురంపారు. మేం వెళ్ళేసరికి ఆవిడ పీట మీద కాలు చాపి మోకాలికి వేడినీళ్ళ సంచీ పెట్టుకుని ఉన్నారు. బావ తలుపు దగ్గరే నిలబడిపోయాడు, హోంవర్కు తేని పిల్లాడిలా.

"ఏవయ్యా, ఆవిడ లైటడిగితే షాకిచ్చావటగా?"

"మిమ్మల్ని అనుమానించింది టీచరుగారూ."

"అనుమానించక? రేపు నన్ను కుర్చీలో కూర్చోబెట్టాల్సింది ఆవిడేగా. కుర్చీ కొనేవాళ్ళు కాళ్ళు ఊపి చూడరూ?"

"మిమ్మల్ని ఎవరేమన్నా ఊరుకోమంటారా అయితే?"

"ఊరుకోమనే చెప్తున్నాను. అర్థమైందా?"

"అయింది టీచరుగారూ" అన్నాడు. అర్థం కాలేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. బయటికొచ్చేటప్పుడు ఆవిడ నన్ను వెనక్కి పిలిచారు. "నా మీద పోటీ చేసేవాణ్ణి నేను చూసుకుంటాను. నా తరఫున పోట్లాడేవాణ్ణి నువ్వు చూసుకో నాయనా. ఆయన నన్ను కాపాడటం మానేస్తే చాలు, గెలుస్తాను."

ఆ పూట అక్క ఆయన ఫోను పిండి డబ్బాలో దాచేసింది. మధ్యాహ్నం దాకా పేట ప్రశాంతంగా ఉంది. సాయంత్రం నేను బజారులోకి వెళితే పండ్ల బండి ఆయన నా వంక అసహ్యంగా చూశాడు. "చదువుకున్నవాడివి, నువ్వు కూడా అలా రాస్తావనుకోలేదు" అన్నాడు. ఫోను తీసి చూసుకుంటే ఏముంది, నా పేరు మీద వరసగా ఏడు సందేశాలు. ఏడింటికీ తోక ఒకటే. నేను భోంచేసి కునుకు తీసిన ఆ కాసేపట్లో నా ఫోనుతో బావ పేటనంతా చెడుగుడు ఆడేశాడు.

"నీ పరువేం పోదులే, అన్నీ న్యాయమైన మాటలే రాశాను" అని నన్ను ఓదార్చాడు కూడా. ఇద్దరి పరువూ పోవడం కంటే ఒకరిది పోవడం మేలని అక్క పిండి దులిపి ఆయన ఫోను ఆయనకిచ్చేసింది.

పోలింగు దగ్గరపడింది. వెనక సందులోకి కరపత్రం పట్టుకు వెళితే తలుపులు మర్యాదగా మూసేవారు. అందులోనూ కుట్టుమిషను అక్క మరీ మర్యాదగా మూసింది. ఆ సందు లేకపోతే టీచరుగారికి గెలుపు లేదు. చేసేదిలేక చేతులు ముడుచుకు కూర్చున్నాం. సరిగ్గా అప్పుడు సిమెంటు కొట్టాయన పళ్ళు ఊడాయి.

అవి కట్టుడు పళ్ళు. ఆయన సభలో ఆవేశంగా గుప్పిలి పైకెత్తి "విజయం మనదే!" అని గట్టిగా అరిచాడు. 'దే' దగ్గర పై పలువరస ఎగిరొచ్చి ఎదురుగా పూలగుత్తిలో పడింది. ఆయన ఒక చేత్తో నోరు మూసుకుని, రెండో చేత్తో పూలల్లో వెతుక్కుంటుంటే ఎవరో ఫోనులో పట్టారు. సాయంత్రానికల్లా అది గ్రూపులోకొచ్చింది. పెట్టింది మావాళ్ళే. ఇక చూడండి పండగ. "కొరకలేని కౌన్సిలరు" అని ఒకరు, "పూలల్లో విజయం దొరికిందా?" అని ఒకరు. మా వైపు వాళ్ళంతా పడీ పడీ నవ్వుతున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది.

అప్పుడు తెర మీద 'టైపింగ్' అని పడింది. బావే. పేటంతా ఊపిరి బిగబట్టింది. చిల్లర రాళ్ళు అయ్యాయి, ఇప్పుడు బండరాయి పడుతుందనుకున్నారు. చాలాసేపటికి పడింది.

"ఇందులో నవ్వడానికేముంది? ఆయన అక్కడ నోరు మూసుకుని నిలబడితే మనం ఇక్కడ నోరు తెరుచుకుని నవ్వుతున్నాం. మీ ఇళ్ళలో ఎవరికీ పళ్ళు ఊడలేదా? మన టీచరుగారికి మోకాలు పట్టేస్తుంది, రిక్షా దిగేటప్పుడు ఇద్దరం పట్టుకోవాలి. అది వాళ్ళు ఫోనులో పట్టి నవ్వితే మనం ఊరుకుంటామా? వాళ్ళు అలా చేయలేదు. మరి మనమో?"

ఈసారి మావాళ్ళే బావ మీదకి అందుకున్నారు.

"ఎంతకి అమ్ముడుపోయావన్నా?"

"సిమెంటు బస్తాలు ఎన్ని దింపారు ఇంటికి?"

అంతే, బావకి పూనకం వచ్చింది. టీచరుగారి కోసం ఎంత వీరంగం వేశాడో సిమెంటు కొట్టాయన కోసం అంతకు రెండింతలు వేశాడు. ఒక్కొక్కడికీ నాలుగేసి సందేశాలు. చివర తోక మారిందంతే: "మరి మనమో? మరి మనమో?" ఆఖరికి టీచరుగారే ఒక వాక్యం రాయించి పెట్టించారు. "మా మిక్సీ ఆయన మాటే నా మాట. ఆ వీడియో తీసేయండి." తీసేశారు.

"నీకేమన్నా మతిపోయిందా బావా? ఆయన మన పోటీ!" అన్నాను.

"అయితే? ఆయన ఆ గ్రూపులో లేడుగా. లేని మనిషిని పదిమందీ చేరి అంటుంటే ఎవడో ఒకడు మాట్లాడొద్దూ? నన్నంటే నేనక్కడే ఉంటాను, విప్పి చూసిస్తాను. లేనివాళ్ళు ఎలా చెప్పుకుంటారురా?"

కొట్టులో నాకెక్కని లెక్క అప్పుడెక్కింది. ఈ మనిషి ఇన్నాళ్ళూ చేసింది పార్టీ పని కాదు. అక్కడ లేనివాళ్ళకి కాపలా కాశాడు. కాకపోతే దారినపోయే ప్రతివాణ్ణీ దొంగే అనుకున్నాడు.

మర్నాడు కుట్టుమిషను అక్క కొట్టుకొచ్చింది. చేతిలో ఇస్త్రీపెట్టె. నేను బల్ల వెనక్కి ఒదిగాను.

"వేడెక్కట్లేదు, చూడు" అంది. బావ విప్పడం మొదలెట్టాడు. "నువ్వు రాసింది ఎవరో పంపితే మా సందులో అందరూ చూశారు. పగవాడికోసం పోట్లాడేవాడు మాకోసం పోట్లాడడా అని వచ్చాను. ఇప్పుడు చెప్పు. లైటు వేయిస్తారా, వేయించరా?"

బావ నోరు తెరిచాడు. 'మ' అనే అక్షరం పెదవుల దాకా వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. అయితే ఆయన చేతిలో స్క్రూడ్రైవరుంది. అది చేతిలో ఉంటే ఆయన వేరే మనిషి.

"నాకు తెలీదమ్మా. టీచరుగార్ని అడిగి చెప్తాను. సందు చివర స్తంభం ఉందా, కొత్తది వేయాలా?"

"ఉంది. లైటే లేదు."

"పిల్లలు ఎన్నింటికొస్తారు?"

అలా మాట్లాడుకుంటూనే ఉన్నారు. సాయంత్రం ఆయన టీచరుగార్ని రిక్షాలో వెనక సందుకి తీసుకెళ్ళాడు. ఆవిడ మోకాలు పట్టుకుని దిగి, స్తంభం కింద నిలబడి, ఏం చేయగలరో ఏం చేయలేరో చెప్పారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఫోను తీయలేదు.

టీచరుగారు గెలిచారు. బొటాబొటీ గెలుపే. వెనక సందు తీసేస్తే ఓటమే. మా బావ వల్లే గెలిచామని మావాళ్ళు ఊరేగించబోతే అక్క అడ్డం పడింది. "ఆయన వల్ల ఓడిపోబోయి, ఆయన వల్లే గెలిచారు. లెక్క సున్నాకి సున్నా. ఇంటికి పదండి" అంది.

మొన్న నేను కొట్టులో ఉండగా సిమెంటు కొట్టాయన వచ్చాడు. ఓ టేబుల్ ఫ్యాను బల్ల మీద పెట్టాడు. బావ తగిలించి చూస్తే జామ్మని తిరిగింది.

"దీనికేం కాలేదు కదండీ?"

"తెలుసయ్యా. ఊరికే వచ్చాను" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఫ్యాను గాలికి చొక్కా గుండీ ఒకటి విప్పుకున్నాడు. కాసేపు ముగ్గురం ఎండల గురించి మాట్లాడుకున్నాం. ఆయన ఉండబట్టలేక బయటపడ్డాడు. "అయినా మీ టీచరుగారు గెలిచి ఇన్నాళ్ళయింది, ఆ కాలవ..."

బావ చటుక్కున తలెత్తాడు. "మరి మీ..." అని ఆగాడు. అటూ ఇటూ చూసి స్క్రూడ్రైవరు వెతుక్కుని, చేతిలోకి తీసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఏ కాలవండీ? ఎక్కడ పూడింది?"

సిమెంటు కొట్టాయన నోరారా నవ్వాడు. అంత నవ్వు నవ్వుతుంటే నా చూపు నాకు తెలీకుండానే ఆయన పలువరస మీదకి పోయింది. బల్ల కింద నుంచి మా బావ నా కాలు తొక్కాడు.