జానెల్ ఏ ఒడ్డు మనిషి

జానెల్ ట్వేట్ పుట్టడం, బడికి వెళ్లడం, పెళ్లాడడం, విడాకులు పుచ్చుకోవడం అన్నీ కొలంబియా నదికి ఉత్తరపు ఒడ్డున, వాషింగ్టన్ రాష్ట్రంలోనే జరిగాయి. పని మాత్రం వంతెన అవతల, ఒరెగాన్‌లో. అక్కడి పళ్ల షెడ్డులో బెల్టు మీద దొర్లే బేరికాయల్లోంచి మచ్చలున్నవి ఏరిపారేస్తూ యవ్వనమంతా నిలబడే గడిపింది. మోకాళ్లు అరిగిపోయాక, ఇక చాలనుకుని, తన ఒడ్డు ప్రభుత్వ కాలేజీలో ఎక్స్‌రే కోర్సుకి దరఖాస్తు పెట్టింది. సీటొచ్చింది. దాని వెంటే బయటి రాష్ట్రం వాళ్లకి వేసే ఫీజూ వచ్చింది. స్థానికుల ఫీజుకి అది మూడింతలు. స్థానికురాలినని రుజువు చేసుకుంటే చదువు, లేకపోతే మళ్లీ షెడ్డు.

చిక్కంతా ఆమె ట్రక్కుతో వచ్చింది. ఒరెగాన్‌లో అమ్మకం పన్ను లేదు. ఉత్తరపు ఒడ్డు జనం వంతెన దాటి టీవీలు, టైర్లు కొనుక్కొచ్చుకోవడం మామూలే. కాస్త తెగించినవాళ్లు బండిని కూడా అవతలి చుట్టం చిరునామా మీద రాయించేస్తారు. దాన్ని దొంగతనమని ఎవరూ అనరు, తెలివంటారు. జానెల్‌ని వంతెన అవతల ఉండే తన చెల్లెలు లావోన్ ఇంటికి తీసుకెళ్లి, ఆ చిరునామా మీదే బండీ లైసెన్సూ రాయించింది తండ్రి ఆర్విడే. కూతురికి మేలు చేశాననుకున్నాడు. కాలేజీవాళ్లు చూసింది ఆ లైసెన్సునే.

విడాకులయ్యాక జానెల్ తండ్రి ఇంట్లోనే వెనకగదిలో ఉంటోంది. కన్నతండ్రికి అద్దె కట్టదు కాబట్టి రసీదులూ లేవు. జీతం కాగితాలా, అవీ ఒరెగాన్‌వే. కాలేజీలో అప్పీళ్లు చూసే ప్రూయిట్ అనే ఆవిడ మంచి మాటే చెప్పింది. కూతురు తన ఇంట్లోనే ఉంటోందని, ఆ చిరునామా పన్ను ఎగ్గొట్టడానికి పెట్టిందేనని ఆర్విడ్ ఒక్క మాటంటే చాలట.

ఆ ఒక్క మాటే ఆయన నోట రావాలి. ఆర్విడ్ ఊరి అగ్నిమాపక దళానికి పెద్ద. పాత ఫైరింజన్ మూలపడిందని, కొత్తది కొనడానికి కొత్త పన్నుకి ఓటెయ్యమని ఆ శరదృతువంతా గడపగడపకీ తిరుగుతున్నాడు.

"పన్ను కట్టండని జనాన్ని బతిమాలుతున్నానే. ఇప్పుడు నేనే ఎగ్గొట్టానని చెప్పమంటావా?" అన్నాడు కాఫీ ముందు కూర్చుని.

"ఊళ్లో ఎగ్గొట్టనివాళ్లెవరు నాన్నా?"

"వాళ్లెవరూ ఓట్లడగట్లేదుగా."

వచ్చే ఏడు చూసుకోవచ్చు కదా అన్నాడు. వచ్చే ఏటికి సీటూ ఉండదు, మోకాళ్లూ ఉండవంది. చివరికి, వాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడతాలే అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె నిశ్చింతగా నిద్రపోయింది, పిచ్చిది.

అప్పీలు రోజు జానెల్ ఏదీ దాచలేదు. ట్రక్కు సంగతి, పన్ను సంగతి, తన తప్పు తనే చెప్పింది. ప్రూయిట్ ఆమె ఎదుటే ఆర్విడ్‌కి ఫోన్ కలిపి, ఇద్దరికీ వినబడేలా పెట్టింది. మీ అమ్మాయి ఎక్కడుంటోందని అడిగింది.

"అమ్మాయి మా చెల్లెలింట్లో ఉంటుందండీ," అన్నాడాయన, ఓట్లడిగేటప్పటి మర్యాద గొంతుతో. "ఆదివారాలు మాత్రం వచ్చి చూసిపోతుంది."

ప్రూయిట్ కసురుకోలేదు. జానెల్ వైపు చూడకుండా ఫైలు మూసేసింది, అంతే. సీటు పోయింది. పైగా నిజం చెప్పిన మనిషి అబద్ధాలకోరైంది. సిగ్గుతో జానెల్ చెవులు కాలిపోయాయి. తండ్రి మీద కోపం రావడానికి వంతెన దాకా బండి నడపాల్సొచ్చింది.

సాయంత్రం ఆమె బట్టలు సర్దుతుంటే ఆర్విడ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడికమ్మాయ్?"

"నువ్వు చెప్పిన చోటికే నాన్నా. అత్తయ్యింటికి."

ఆయన అడ్డురాలేదు. నవంబరులో పన్ను నెగ్గింది, ఫైరింజనొచ్చింది, ఊరంతా చప్పట్లు కొట్టింది. జానెల్ షెడ్డులో బెల్టు పక్కన నిలబడే ఉంది. అత్తయ్యింటి నుంచి షెడ్డు దగ్గరే. తండ్రి ఆడిన అబద్ధాన్ని ఆమె నిజం చేసి పెట్టింది, సగం మాత్రమే. ఆదివారాలు కూడా వెళ్లదు.