రెండున్నర గ్రాముల తేడా

2002లో రాజమండ్రికి ఎగువన, గోదావరి గట్టుకి కాస్త దూరంలో జరిగిన ఒక పురావస్తు తవ్వకంలో నేను రికార్డు రాసే పనికి కుదిరాను. అంతకుముందు ధవళేశ్వరంలో కాలవ పనుల మట్టి కొలతలు రాసేవాణ్ణి. నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నవే. తవ్వకంలో దొరికిన ప్రతి వస్తువునీ కొలిచి, తూచి, ఫైండ్స్ రిజిస్టర్ అనే పుస్తకంలో ఎక్కించాలి. అందులో ఒకసారి పడిన అంకెని కొట్టెయ్యకూడదు.

జనవరి చివర్లో ఒక పాత సమాధిలో, అస్థిపంజరం ఎడమ ముంజేతి పక్కన సన్నటి రాతి పలక బయటపడింది. 84 మిల్లీమీటర్ల పొడవు, చివర్లలో చెరొక రంధ్రం. తవ్వకం ఇన్‌ఛార్జిగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది రిస్ట్ గార్డ్ కావచ్చండి" అన్నారు చివరికి.

బాణం వదిలినప్పుడు వింటినారి వచ్చి ముంజేతికి కొట్టుకుంటుంది. ఆ దెబ్బ తగలకుండా కట్టుకునే పలక అది. దూరదేశాల్లో దొరికాయట గానీ మన వైపు చూసినవాళ్లు లేరన్నారు. మెడలో వేసుకునే బిళ్ల అయినా కావచ్చని కూడా ఆయనే అన్నారు. చూడడానికి హైదరాబాదు నుంచి పెద్ద అధికారి రావలసి ఉంది.

దొరికినవాటిని బేసిన్‌లో కడిగే పని సత్తెమ్మది. ఆ సాయంత్రం ఆమె కడిగిన పలకని తీసుకుని కాటా మీద పెట్టాను. 62.4 గ్రాములు. రాశాను.

ఆమె భర్త వెంకన్న రోళ్లు, తిరగళ్లు చెక్కేవాడు. తవ్వకంలో కూలికి వచ్చాడు. ఇనుము లేకుండా అలాంటి రంధ్రాలు ఎలా పెట్టారో చూపించమని ఇన్‌ఛార్జిగారు అడిగితే, అదే రకం ఇసుకరాయి వెతికి తెచ్చి, వెదురు పుల్ల, ఇసుక, నీళ్లతో నకలు చెయ్యడం మొదలుపెట్టాడు.

"ఏరా వెంకన్నా, ఆ సచ్చినోడికి నువ్వే చేసిచ్చావేంటి?" అని తోటి కూలీలు ఏడిపించారు.

"అవున్రా. సరిగ్గా కుదిరిందో లేదో చూద్దామనే తవ్వుతున్నా."

మూడు వారాల తర్వాత అధికారి వచ్చి, పలకని మళ్లీ తూచమన్నారు. 59.9. తూనికరాళ్లతో కాటాని పరీక్షించాం, అందులో తేడా లేదు.

"రాయి చిక్కిపోతుందాండీ?" అన్నారాయన.

పొడవు, వెడల్పు సరిపోయాయి. దొరికిన రోజు తీసిన ఫొటోలో, పోల్చుకోవడానికి ప్రత్యేకమైన గుర్తులేవీ తెలియలేదు. నకలు చేసినవాడు ఒకడున్నాడని ఆయనకి అప్పటికే తెలిసింది.

"మీ అంకె తప్పయ్యే అవకాశం ఉందా?" అని నన్ను అడిగారు.

"లేదండి" అన్నాను. మిగతాదంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

వెంకన్నని పిలిచి, "అసలుది ఎక్కడ పెట్టావు?" అని మాత్రం అడిగారు. బరువు సంగతి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

"నేను చేసింది రెండో బెజ్జం పెడతంటే పగిలిపోయిందండి. మట్టిదిబ్బ మీద పారేశాను" అన్నాడు.

దిబ్బలో ముక్కలు దొరకలేదు. సాయంత్రానికి పోలీసులు తీసుకెళ్లారు.

మూడో రోజు సత్తెమ్మ నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు.

"రైటరుగారూ, మా ఆయన రాయి మార్చేశాడంటన్నారు. ఎలా తెలిసిందండి?"

బరువు తగ్గిందని చెప్పాను.

"ఆ రోజు నా చేతిలోంచి తడిమీదే లాక్కుని తూచారు కదండీ. ఆరబెట్టనిచ్చారా?"

ఆమె వెళ్లాక పలకని నీళ్లలో వేసి, ఒక రోజంతా ఉంచి, పైన తుడిచి తూచాను. 62.3 వచ్చింది. ఇన్‌ఛార్జిగారికి చూపించాను. "కేసు వెళ్లిపోయింది కదండీ. ఇప్పుడు మనమే తప్పు రాశామని ఎలా చెప్తాం?" అన్నారు. నేను తూచిన పద్ధతి, మూడు బరువులు కాగితం మీద రాసి, సంతకం పెట్టి స్టేషన్లో ఇచ్చాను.

ఐదో రోజు వదిలేశారు. వెంకన్న కుడిచేతి వేళ్లు మూడు వాచి నల్లబడి ఉన్నాయి. జారి పడ్డాడని పోలీసులు చెప్పారు. ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. సుత్తి పట్టే చెయ్యి అది.

పలక రిస్ట్ గార్డో, బిళ్లో తేలకుండానే తవ్వకం ముగిసింది. నెల తర్వాత వాళ్లింటికి వెళ్లాను. రాయి నీళ్లు పీల్చిందని, తప్పు నాదేనని చెప్పాను. వెంకన్న నన్ను తిట్టలేదు.

"ఆ రకం రాయి నీళ్లు తాగుద్దండి. అందుకే దాంతో రోలు చెయ్యం. బరువు తగ్గిందని ఒక్క ముక్క అనుంటే, అప్పుడే చెప్పేవాణ్ణి కదండీ" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి బరువు పక్కనా తడి అనో, పొడి అనో రాస్తున్నాను. అది ఎవరైనా ఒక పూటలో నేర్చుకోగలిగిన పని. నా అంకె వల్ల ఒక మనిషి మీద నింద పడబోతుంటే, ఆ అంకెని ముందు అతనికే చూపించి అడగాలి. ఇది నేను నేర్చుకునేసరికి వెంకన్న చెయ్యి పోయింది.