నీళ్ల వెంట సాగిన వైరు

మా ఓబులేసు పెదనాయనకు ఒక జబ్బుండేది. ఏదైనా పని ఒకసారి కుదిరిందంటే, అది కలకాలం అట్లే నడుస్తుందనుకునేవాడు. ఒక ఏడు వేరుశనగ పండగానే బోరు వేయించాడు. బోరులో నీళ్లు తగ్గితే ఒక పైపు దించాడు. ఇంకా తగ్గితే ఇంకో పైపు దించాడు. చివరికి నీళ్లకు బదులు గాలి వచ్చాక మోటారు పీకి కొట్టంలో పడేసి, గుమ్మఘట్ట దగ్గరి డ్యాంలో చేపలు పట్టడానికి పోయాడు. తొంభైల చివర్లో ఒక ఏడు డ్యాం బాగా నిండింది మరి. నాలుగు చుక్కల నీళ్లు కంటబడితే మా సీమవాళ్లకు బుద్ధి నిలవదు.

పడవలో ముందు బయమ్మ పెద్దమ్మ తెడ్డు వేసేది, వెనక ఆయన వల లాగేవాడు. ఎండెక్కితే చేప చెడిపోతుంది కాబట్టి తెల్లవారకముందే వలలు ఎత్తాలి. ఒకరోజు ఆ మసకలో పడవ నీళ్లలో మునిగున్న తుమ్మ మొద్దుకు తగిలి ఒరిగింది. పెద్దమ్మ నీళ్లలో పడిపోయింది. ఆమెకు ఈత రాదు. మా పక్క ఆడవాళ్లకు ఈత నేర్పేదెవరు, అసలు నేర్పడానికి నీళ్లేవి? పెదనాయన తడిమి తడిమి జుట్టు దొరకబుచ్చుకుని పైకి లాగాడు.

గట్టెక్కి కొంగు పిండుకుంటూ ఆమె ఒకటే మాట అంది. "నాకు నీళ్లంటే భయమైతాండాది. ముందర ఏముండాదో కనపడేట్ల లైటు పెట్టు. లేకుంటే నేను పడవ ఎక్కను."

ఆమె లేనిదే పడవ కదలదు. అదొక్కటే కాదు, ఆమె కోసం నీళ్లలో చేతులాడించిన ఆ కాసేపు పెదనాయనను చాలా రోజులు వదల్లేదు. పాత ట్రాక్టరు బ్యాటరీ ఒకటి తెచ్చి, పడవ ముక్కుకు లైటు కట్టాడు.

లైటు బాగానే వెలిగింది, బ్యాటరీతోనే వచ్చింది తంటా. అది దిగిపోయినప్పుడల్లా సైకిలు మీద కట్టుకుని రాయదుర్గం పోయి చార్జింగు పెట్టించాలి. దారి గతుకులకు యాసిడ్ చింది పంచె నిండా చిల్లులు పడేవి. "ఏమప్పా ఓబులేసూ, చేపలు నీ పంచె కొరికినాయా?" అని హోటలు దగ్గర అందరూ ఆటపట్టించేవాళ్లు.

మోటార్లకు వైండింగు చేసే ఎర్రిస్వామి వచ్చి ఆ కష్టం తీర్చాడు. గట్టు మీద పెదనాయన గుడిసెకు పక్క చేని బోరు లైను నుంచి కరెంటు ఉండేది. గుడిసెలో చార్జరు బిగించి, దాని నుంచి నీళ్ల దాకా వైరు లాగి, చివర రెండు క్లిప్పులు పెట్టాడు. పడవ గట్టుకు రాగానే క్లిప్పులు తగిలిస్తే చాలు, బ్యాటరీని ఎత్తే పనే లేదు.

"చార్జరు మాత్రం గుడిసె దాటకూడదన్నా" అని ఎర్రిస్వామి గట్టిగా చెప్పాడు. "దాంట్లోనుంచి వచ్చే కరెంటు పట్టుకున్నా ఏం కాదు. దాంట్లోకి పోయేది మాత్రం యముడే."

మాకు కరెంటు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అది కూడా చెప్పిన వేళకు రాదు. అందుకే రైతులు మోటారు స్విచ్చి వేసిపెట్టి ఇంటికి పోతారు, కరెంటు వచ్చినప్పుడు అదే తిరుగుతుంది. పెదనాయన చేను వదిలాడు గానీ ఆ అలవాటు వదల్లేదు. గుడిసె గోడకున్న చార్జరు స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచేవాడు. ఆ ఏడాది లైటు వెలుగులో పెద్దమ్మ నవ్వుకుంటూ తెడ్డు వేయడం నేను చూశాను.

తర్వాత వానలు మొహం చాటేశాయి. డ్యాం నీళ్లు గుడిసె దగ్గరి నుంచి లోపలికి పోవడం మొదలుపెట్టాయి. పెదనాయన వైరుకు వైరు అతికించాడు. నీళ్లు ఇంకా పోయాయి. ఇంకో ముక్క అతికించాడు. అచ్చం బోరులో పైపు దించినట్టే! వైరు పొడుగయ్యేకొద్దీ బ్యాటరీకి సరిగా ఎక్కలేదు, లైటు గుడ్డిదైపోయింది. పెద్దమ్మ మళ్లీ భయపడసాగింది. అప్పుడాయన చార్జరును పీకి పడవలో పెట్టుకుని, ఆ అతుకుల వైరులోనే అసలు కరెంటు పంపించాడు.

నాకు ఒళ్లు మండింది. "ఎర్రిస్వామి వద్దన్న పనే కదా పెదనాయనా!" అన్నాను.

"ఎర్రిస్వామి చెప్పినబ్బుడు నీళ్లు గుడిసె కాడుండె. ఇబ్బుడు యాడుండాయో చూడు. అతుకులకు టేపు చుట్టినాలే" అని కొట్టిపారేశాడు.

ఒకరోజు పొద్దున, వలలు ఎత్తి వచ్చాక, పెదనాయన చేపల గంప భుజాన పెట్టుకుని గుడిసె దగ్గరికి వచ్చాడు. రాత్రంతా కరెంటు లేదు. కింద పెద్దమ్మ బురదలో కూరుకుపోయిన వైరును లాగి, దాన్ని ఆనించడానికి పాతిన కట్టెల మీద వేస్తోంది. అప్పుడే పక్క చేనిలో బోరు మోటారు గుయ్యిమంది. ఆ శబ్దం వింటే మా రైతులకు ప్రాణం లేచివస్తుంది. పెదనాయనకు మాత్రం ఆ రోజు పెద్దమ్మ చేతిలోని వైరు గుర్తొచ్చింది. గంప పారేసి గుడిసెలోకి ఉరికి స్విచ్చి ఆర్పాడు. అప్పటికే ఆమె వైరు పట్టుకునే బురదలో పడి ఉంది.

బతికింది. ఆసుపత్రిలో చాలా రోజులుంది. కుడి చేతి వేళ్లు మాత్రం కాలి ముడుచుకుపోయాయి, మళ్లీ సాగలేదు. తెడ్డు పట్టుకోవడానికి లేదు, సంగటి ముద్ద చేసుకోవడానికి లేదు. పెదనాయన వైరంతా చుట్టి కొట్టంలో పాత మోటారు పక్కన పడేశాడు. పడవ ఎండిన బురదలో పక్కకు ఒరిగి ఉండిపోయింది.

నేను చూడబోయిన రోజు ఆయన పక్కన కూర్చుని ఆమెకు సంగటి తినిపిస్తున్నాడు. ఆమె రెండు ముద్దలు తిని, కోపం లేకుండా, ఊరి సంగతి ఏదో చెబుతున్నట్టు అంది.

"నీళ్లకు భయపడి నిన్ను లైటు అడిగితి. నీళ్లు నన్నేమీ చేయలేదయ్యా."

ముద్ద పెదనాయన చేతిలోనే ఆగిపోయింది. తల వంచుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఎంత ఏడ్చినా ఆయన్ను నేను ఓదార్చలేదు, నా కోపం అంత తొందరగా పోలేదు. పెద్దమ్మే ఎడమ చేత్తో ఆయన మోకాలు తట్టింది.

"పెట్టు, ఆకలైతాండాది" అంది.