సైలెన్సరు మానుకున్న శాలేమురాజు

శాలేమురాజు కారు కొన్నాడంటే రేపల్లెలో ముందు ఎవరూ నమ్మలేదు. నమ్మాక ఎవరూ ఊరుకోలేదు. తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో గుమాస్తా అతను. పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, పొద్దుగూకాక అదే రైల్లో నలిగిపోయి దిగే మనిషి. అటువంటివాడు, చీరాలలో ఒక బట్టల వ్యాపారి కొడుకు రెండేళ్ళు తోలి మొహం మొత్తి అమ్మేసిన కారు కొనుక్కొచ్చాడు. అదీ మామూలు కారు కాదు. టర్బో ఇంజను. కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకి అతుక్కుపోతుందట. ముందు గడ్డి ట్రాక్టరు, వెనక షేర్ ఆటో, మధ్యలో గేదెలు ఉండే రోడ్ల మీద వీపు అతుక్కునేంత జాగా ఎక్కడుందో అతనికే తెలియాలి.

ఇంటి పక్కన ఖాళీగా ఉన్న గేదెల పాకలో కారు పెట్టాడు. తల్లి పోయినప్పటినుంచీ అతన్ని పెంచిన మేనత్త రిబ్కమ్మ ఆ ఇంట్లోనే ఉంటుంది. ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"గేదెకి పెడితే పాలన్నా వచ్చేవిరా. ఇది తాగడమేనా, ఏమన్నా ఇస్తుందా?"

"స్పీడు ఇస్తుందత్తా."

"స్పీడుగా ఎక్కడికి పోవాల్రా నువ్వు? ఆఫీసుకి రైల్లో పోతావు, గుడికి నడిచిపోతావు."

ఆ మాట తగిలినట్టుంది, ఆ పై ఆదివారం నుంచి వీధి చివరనున్న ఏసుప్రభువు గుడికి కారులో వెళ్ళడం మొదలుపెట్టాడు. ఏసీ చల్లబడేలోపే గుడి వచ్చేసేది. మిగతా వారమంతా పెట్రోలుకి జడిసి కారుని పాకలోనే ఉంచి, సాయంత్రాలు గుడ్డతో తుడుచుకుంటూ కూర్చునేవాడు.

అంతటితో ఆగితే ఎవరికీ ఇబ్బంది లేదు. తెనాలిలో కాలేజీ నుంచి స్టేషనుకి వచ్చే దారిలో సాయి కిరణ్ షెడ్డుంది. మంచి కార్లకి వేషాలు కట్టించడం ఆ మెకానిక్కు పని. వెనక రెక్కలు పెడతాడు, ఇంజనులో చిప్పు మారుస్తాడు, కారుని నేలకి ఆనేలా కిందికి దించుతాడు. అన్నిటికంటే శాలేమురాజు మనసు లాగేసింది మాత్రం సైలెన్సరు.

"రాజన్నా, కంపెనీవాడు నీ ఇంజను గొంతు నొక్కేసి పంపాడు" అన్నాడు సాయి కిరణ్. "ఈ ఫారిన్ సైలెన్సరు వేశామనుకో, నీ బండి భట్టిప్రోలు దాటుతుంటేనే రేపల్లెలో వదినకి వినపడిపోద్ది. అన్నం వడ్డించేస్తది."

"పక్కింటివాళ్ళకి?"

"వాళ్ళూ వడ్డించేసుకుంటారు."

ఆ రోజునుంచి శాలేమురాజుకి వేరే ధ్యాస లేదు. ఆ సైలెన్సరు చేసే చప్పుడు ఫోనులో ఎక్కించుకుని, రైల్లో చెవుల్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఒకరోజు ఎదుటి సీటావిడ మోకాలు తట్టి, "ఎవరి ప్రసంగం బాబూ, అంత లీనమైపోయావు?" అని అడిగింది. "బయటి దేశంవాళ్ళదండి" అన్నాడు.

అతని భార్య కరుణశ్రీ బడిలో టీచరు. కేకలు వేసే మనిషి కాదు. మాట నెమ్మదిగా వస్తుంది, వచ్చాక వెనక్కి పోదు. ఇల్లు కట్టుకోవాల్సిన డబ్బులో ఎంత భాగం కారు మింగిందో తెలిసి కూడా మొగుడి సరదా అని ఊరుకుంది. కానీ పాకలోకి వెళ్ళి టైరు మీద చెయ్యి వేసి చూస్తే అది తన అరచేతి కంటే నున్నగా ఉంది. బ్రేకు తొక్కితే కీచుమంటోంది.

"ముందు బ్రేకులు, టైర్లు" అంది. "చీటీ డబ్బులు దానికే ఉంచాను. అవి వేయించకముందు ఆ కారుకి ఒక్క వేషం వేయించినా చీరాల పంపించేస్తాను."

"నన్నా?"

"కారుని. మీరు కావాలంటే ఉండండి."

అన్నంత పనీ చేస్తుందని అతనికి తెలుసు. పెళ్ళయిన కొత్తలో చెప్పకుండా కొనుక్కొచ్చిన పెద్ద టీవీని వారం తిరక్కుండా తెచ్చినవాడి చేతే మోయించి వెనక్కి పంపిన ఇల్లాలు ఆవిడ. సైలెన్సరు వేయిస్తే కారు పోతుంది. వేయించకుండా ఉండే బలమేమో తనకి లేదు. ఆ బలం దేవుడి దగ్గర తెచ్చుకుందామనుకున్నాడు. అక్కడే తప్పులో కాలేశాడు.

ఈస్టరుకి ముందు నలభై రోజులూ ఉపవాసాలుండే శ్రమకాలం వచ్చింది. వాళ్ళ పేట గుడిలో మొదటి ప్రార్థన కూడికనాడు ఒక్కొక్కరే లేచి, ఈస్టరు దాకా తాము ఏం మానుకుంటున్నారో అందరి ముందూ చెబుతారు. మానుకున్నదాని మీద మిగిలిన డబ్బు త్యాగార్పణ పెట్టెలో వేస్తారు. రిబ్కమ్మ చేపలు మానుకుంది. ఆవిడ చేపలు మానడమంటే మాటలు కాదు, గుడిలో సగంమంది అయ్యో అన్నారు. ఒకాయన టీ మానుకున్నాడు. శాలేమురాజు లేచాడు.

"నేను కారు సైలెన్సరు మానుకుంటున్నానండి."

గుడి కోశాధికారి ఆశీర్వాదం మాస్టారు ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు.

"మంచిది బాబూ. ఎంత ఉంటుంది దాని ఖరీదు?"

"నేను ఇంకా కొనలేదండి."

"రిబ్కమ్మ కూడా ఈ వారం చేపలు కొనలేదు. కొనలేదు కాబట్టే మిగిలింది. ఎంత?"

అడిగింది గుడిలో కాబట్టి అబద్ధం ఆడలేకపోయాడు. పోనీ మనసుపడ్డది చవకరకమా అంటే అదీ కాదు. చెప్పాడు. వెనక బల్ల మీద ఎవరికో పొలమారింది. మాస్టారు మాత్రం సంతోషంగా తలూపాడు. ఆ పెట్టె పుట్టి బుద్ధెరిగాక అంత త్యాగం చూసి ఉండదు.

ఇంటికొచ్చాక కరుణశ్రీ లెక్క చూసింది. సైలెన్సరు ఖరీదూ, టైర్లకీ బ్రేకులకీ ఉంచిన చీటీ డబ్బూ దాదాపు ఒక్కటే. డబ్బు పెట్టెలో వేస్తే కారు పాకలోంచి కదలకూడదు. వెయ్యకపోతే గుడిలో తలెత్తకూడదు.

"నేను చేపలు తిని మానేశాను" అంది రిబ్కమ్మ. "నువ్వు సైలెన్సరు ఎప్పుడు తిన్నావురా?"

ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర మాస్టారు నిలబడి, "వందనాలు బాబూ" అనేవాడు. వందనాలు శాలేమురాజుకి, చూపు జేబుకి. తెనాలిలో షెడ్డు దగ్గర విషయం విని సాయి కిరణ్ చేతిలో పానా పక్కన పెట్టాడు.

"ఇంత సింపులైనదానికి బాధపడతావేంటన్నా? కొనేసెయ్. కొన్నావంటే మానుకోనట్టేగా. మానుకోకపోతే పెట్టెలో వెయ్యక్కర్లేదు. నెలనెలా కట్టు, నేనేమన్నా పరాయివాడినా?"

అంటూనే సైలెన్సరు తెచ్చి చేతుల్లో పెట్టాడు. తళతళలాడిపోతోంది. శాలేమురాజు దాన్ని పురిటిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాడు. సాయి కిరణ్ చెప్పిన లెక్కలో తప్పెక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. దొరక్కపోయేసరికే భయమేసింది. ఇంత తేలిగ్గా ఒప్పే మాట కరుణశ్రీ ముందు ఒక్క క్షణం నిలబడదు. సైలెన్సరు బల్ల మీద పెట్టి, వెనక్కి చూడకుండా స్టేషనుకి నడిచాడు. రైలు రాలేదు. రెండుసార్లు వెనక్కి వెళ్దామనిపించింది. ప్లాట్‌ఫారం బెంచీని పట్టుకు కూర్చున్నాడు.

ఆ వారంలోనే ఆశీర్వాదం మాస్టారు ఇంటికొచ్చాడు. బాపట్లలో గుళ్ళ కమిటీ మీటింగు ఉందట.

"బస్సులో నడుము పడిపోతోంది బాబూ. నీకు కారుందిగా."

కాదంటే సైలెన్సరు మాట ఎత్తుతాడేమోనని ఒప్పుకున్నాడు. వెనక సీట్లో రిబ్కమ్మ కూడా ఎక్కింది, బాపట్లలో చుట్టాలున్నారని. ఏసీ వేస్తే పెట్రోలు తాగుతుందని అద్దాలు దించి, మెల్లగా నడిపాడు. చెరుకుపల్లి దాటాక రోడ్డు మీద మినుము పరిచి ఉంది. పీకిన చెట్లు రోడ్డు మీద పరిస్తే పోయే బళ్ళే తొక్కి నూర్చిపెడతాయని అక్కడ అందరూ చేసే పనే. కాయలు చిట్లి గింజలు బయటపడి ఉన్నాయి. పక్కనే నూర్చిన పొట్టు కుప్ప పోశారు. చేటతో ఒకావిడ రోడ్డుకి అడ్డంగా నడుస్తోంది.

శాలేమురాజు బ్రేకు తొక్కాడు. కాలు కిందికి పోయింది, కారు ముందుకి పోయింది. నున్నటి టైర్ల కింద మినప గింజలు దొర్లాయి. మాస్టారు తన రెండు కాళ్ళూ కారు నేలకి తన్నిపెట్టి తన వంతు బ్రేకు తనూ వేశాడు. చేటావిడ పక్కకి తప్పుకుని నిలబడి చూస్తుండగా కారు తాపీగా జారుకుంటూ వెళ్ళి పొట్టు కుప్పలో దూరి ఆగింది. కుప్పలో సగం కిటికీలోంచి లోపలికొచ్చింది.

ఎవరికీ ఏమీ కాలేదు. చేటావిడ దగ్గరికొచ్చి తొంగిచూసింది.

"నూర్చిపెడతారని రోడ్డు మీద పోశాం గాని, కుప్పలో దూరమన్లేదు బాబూ."

మాస్టారు తెల్లచొక్కా, మీసం, కళ్ళజోడు అన్నీ ఒకటే రంగులో ఉన్నాయి. చెవిలో పొట్టు దులుపుకున్నాడు.

"బ్రేకుల్లేవా బాబూ దీనికి?"

"ఉన్నాయండి. అరిగాయండి."

"బాగుచేయించుకోవద్దూ?"

"డబ్బులు ఉంచుకున్నామండి. అవే పెట్టెలో వెయ్యమంటున్నారు తమరు."

వెనకనుంచి రిబ్కమ్మ అంది. "వేసేస్తాడులెండి మాస్టారూ. మీరు మళ్ళీ వెనక్కి కూడా ఈ కారులోనే రావాలిగా."

"ఆ సైలెన్సరు అసలు దేనికి బాబూ?" అన్నాడు మాస్టారు.

"చప్పుడుకండి."

"ఆగడానికి కాదూ?"

"కాదండి."

మీటింగయ్యాక మాస్టారు వెనక్కి బస్సులో వచ్చాడు. ఆ పై ఆదివారం గుడిలో లేచి, లెక్కల మాస్టారు కాబట్టి కొత్త లెక్క చెప్పాడు. శాలేమురాజు మానుకున్నది చప్పుడట, చప్పుడుకి ఖరీదు కట్టడం తన పొరపాటట. దానికి బదులు నడవలేని ముసలివాళ్ళని ఈస్టరు దాకా కూడికలకి కారులో తేవాలట. "అయితే బ్రేకులు వేయించాకే" అని రెండుసార్లు చెప్పాడు.

చీటీ డబ్బుతో సాయి కిరణ్ దగ్గరే బ్రేకులూ టైర్లూ వేయించాడు. ఆ మెకానిక్కు అవి బిగిస్తున్నంతసేపూ చావింటికి వచ్చినవాడిలా ఉన్నాడు. ఇక ప్రతి కూడికకీ పేటలో ముసలమ్మలంతా చేతికర్రలతో కారెక్కారు. ఇంకాస్త ఎత్తుగా ఉంటే మోకాళ్ళకి బాగుండేదన్నారు. కిందికి దించే ఆలోచన ఆ దెబ్బతో పోయింది. సైలెన్సరు ఆలోచన మాత్రం పోలేదు. ఒకావిడ కారులో కునుకు తీస్తుంటే చూసి, ఆ చప్పుడుకి ఈవిడ లేస్తుందా లేవదా అని ఆలోచించాడు.

ఈస్టరు వెళ్ళిన మర్నాడు కరుణశ్రీ పుట్టిల్లు బాపట్లకి బయలుదేరారు. పక్కన కరుణశ్రీ, వెనక రిబ్కమ్మ. మినుము ఇళ్ళకి చేరిపోయింది. రోడ్డు ఖాళీగా ఉంది.

"ఎప్పుడు చూసినా గుడికీ ఇంటికీనే" అంది రిబ్కమ్మ. "ఇది పరిగెడుతుందన్నావు. ఏదీ?"

శాలేమురాజు పెళ్ళాం వంక చూశాడు.

"బ్రేకులు కొత్తవేగా" అంది కరుణశ్రీ కిటికీలోంచి చూస్తూ.

కాలు ఆనించాడు. పక్కన చేలు గీతలయిపోయాయి. వెనక సీట్లో మాట పడిపోయింది. తర్వాత మెత్తగా బ్రేకు తొక్కితే కారు అనుకున్నచోట అనుకున్నట్టు తగ్గింది. రిబ్కమ్మ జుట్టు సర్దుకుంది. ఊపిరి తీసుకుంది.

"ఇంత పోయేదానికి ఇంకా ఏం తక్కువైందిరా నీకు?"

చెప్పడానికి చాలా ఉంది. సైలెన్సరుంది, చిప్పుంది, వెనక రెక్కుంది. నోరు తెరిచాడు. కరుణశ్రీ ఇటు తిరిగింది. నోరు మూశాడు.

ఆమె ఒళ్ళో ఉన్న అతని ఫోను మోగింది.

"సాయి కిరణ్. శ్రమకాలం అయిపోయిందని చేస్తున్నట్టున్నాడు. ఏం చెప్పమంటారు?"

అతను గేరు మార్చాడు. "ఇప్పుడు కాదని చెప్పు."

"ఇప్పుడు అన్నది తీసేసి చెబుతాను" అని కరుణశ్రీ ఫోనెత్తింది.