పేరు చెప్పని మందు

సకల జనుల సమ్మె మొదలైన తర్వాత మూడో గురువారం, పొద్దున పదకొండు దాటి పది నిమిషాలకు, స్టేషన్ ఘన్‌పూర్‌లో హైదరాబాదు రోడ్డు మీద, నా పక్కన కూర్చున్న నా చెల్లెలు ఒరిగిపోయింది. టైము ఇంత కచ్చితంగా ఎట్లా చెప్తున్నానంటే, పొయ్యి మీది అన్నం ఇంకెప్పుడు దిగుతుందని మా గల్లీ పంతులమ్మను అప్పుడే అడిగాను. ఆమె చేతి గడియారం చూసి చెప్పింది.

జరిగినదానికి సమ్మెను తిట్టినవాళ్లున్నారు. సమ్మె తప్పేం లేదు. తప్పు నాది, కొంత నా చెల్లెలిది. ముందే చెప్పేస్తే మిగిలింది రాయడం సులువు.

నేను మందిచ్చేదాన్ని. మా అమ్మది భూపాలపల్లి దిక్కు ఘనపూర్. అప్పుడు అన్నీ వరంగల్ జిల్లానే. అడవి అంచున పెరిగిన మనిషి, ఆకులు ఎరిగిన మనిషి. తను పోయే ముందు నాకు నాలుగు మందులు చెప్పింది. చెప్పేటప్పుడు చేతిలో చెయ్యి వేయించుకున్నది. అడిగినవాళ్లకు లేదనకుండా ఇవ్వాలి, పైసలు ముట్టకూడదు, ఆకు పేరు నోట్లోంచి రాకూడదు. పేరు బయటపడిన రోజు ఆకు పనిచేయడం మానేస్తుందని మా నమ్మకం. పసిరికలకు, అంటే పచ్చకామెర్లకు, పసరు పోసేవాళ్లు, తేలుకాటుకు కట్టు కట్టేవాళ్లు, మా వైపు అందరిదీ ఇదే పద్ధతి. ఆకు తెంపేటప్పుడు ఎవరూ వెంట ఉండకూడదు. దంచేటప్పుడు తలుపు వేసుకోవాలి. పొట్లం చేతికిచ్చిన తర్వాత ఇదేంది అని అడిగితే ఆ పొట్లం వెనక్కి గుంజుకుంటాం. నేను ఇద్దరి ముగ్గురి దగ్గర గుంజుకున్నాను కూడా.

ఆ నాలుగింట్లో ఒకటి అతిమూత్రానికి. అమ్మ కాలంలో దానికి ఏడాదికి ఒకరు వచ్చేవారు. తర్వాత షుగర్ అని ఇంటింటికీ వచ్చింది, నా గడపకు జనం పెరిగారు. వచ్చినవాళ్లకు నేనొక తమాషా చూపించేదాన్ని. చిటికెడు పొడి నాలుక మీద వేసి, కాసేపాగి, చక్కెర పెట్టేదాన్ని. చక్కెర మట్టిలాగా ఉండేది, తీపి తెలిసేది కాదు. చూసినవా, చక్కెరను ఎట్ల చంపిందో, అనేదాన్ని. మనుషులు దండం పెట్టేవారు. అది చంపింది నాలుక మీది రుచిని. ఒంట్లో ఏం చేస్తుందో, ఎంత చేస్తుందో, నాకు తెలియదు. తెలియదని కూడా తెలియదు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటిన తర్వాత. మా గల్లీ పంతులమ్మ సాయంత్రం పూట ఆడవాళ్లను కూర్చోబెట్టి నేర్పింది. వచ్చిన అక్షరాలతో బస్సు బోర్డులు చదివాను, గోడల మీద జై తెలంగాణ చదివాను. మందు చీటీ మాత్రం ఒక్కటి చదవలేదు. అవసరం లేదనుకున్నాను.

నా చెల్లెలిని ఇచ్చింది డోర్నకల్‌కు. బతుకమ్మకని ముందుగానే వచ్చింది. వచ్చిన మూడో రోజుకు బస్సులు బందయ్యాయి. రైళ్లు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో ఎవరికీ తెలియదు. ఉండిపొమ్మన్నాను. ఆమెకు షుగర్ వచ్చి ఏడాది. వచ్చినప్పటి నుంచి నీళ్లు తాగుతూనే ఉంది.

"ఏం మింగుతున్నవే?" అన్నాను.

"డాక్టరు రాసిన గోళి."

"బంద్ పెట్టు. రెండు మందులు కడుపుల కొట్లాడుతయి. నేను ఊరందరికిచ్చి నీకియ్యకపోతే నన్ను ఏమంటరు?"

"నా కొడుకు ఊకోడక్కా."

"నీ కొడుకు ఈడున్నడా? నేనున్న."

ఆమె తల ఊపింది. ఆ మరునాటి నుంచి పొద్దున లేవగానే చెంచాడు పొడి, దాని మీద సగం గ్లాసు కాకరకాయ రసం. తాగిన తర్వాత ఎండ ముదిరేదాకా ఎంగిలి పడొద్దు. అది పత్తెం. పత్తెం తప్పితే మందు పట్టదని అమ్మ చెప్పింది. మారుమాట లేకుండా తాగేది. నాకు సంతోషమైంది.

ఆ గురువారం రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, పొయ్యిలు పెట్టి, అక్కడే వండి అక్కడే తినడమన్నమాట. బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. పంతులమ్మ కూడా సమ్మెలోనే ఉంది, ఆమే పిలిచింది. నేను బియ్యం తీసుకుపోయాను, చెల్లె ఉల్లిగడ్డలు కోసింది. రాత్రి కురిసిన వానకు కట్టెలు తడిసి ఉన్నాయి. ఊదుతుంటే పొగ తప్ప మంట లేదు. తొమ్మిదికి తిందామన్న అన్నం పదకొండైనా ఉడకలేదు.

మా గల్లీ ఆటో భాయి పొయ్యి దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. "ఏందక్కా, గీ అన్నం కంటె తెలంగాణనే ముందు వచ్చేటట్టున్నది."

"వస్తె రానియ్యి," అంది పంతులమ్మ. "తినేటోళ్లం మనమే గదా. నువ్వు జర ఊదు, నోరు ఊకెనే ఉన్నది."

అందరూ నవ్వారు. నా చెల్లె నవ్వలేదు. చూస్తే ఆమె చేతిలో కత్తిపీట ముందు ఉల్లిగడ్డ అట్లాగే ఉంది. చెయ్యి వణుకుతోంది. మొహం మీద చెమట కారుతోంది, పొయ్యికి దూరంగా కూర్చున్నా కూడా.

"ఏమైందే?"

"రైలు పోయిందా అవ్వా?" అంది.

మా అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. అమ్మ పోయి పద్నాలుగేళ్లు.

ఎండ తగిలిందనుకున్నాను. కొంగు తడిపి తల మీద వేశాను. ఆటో భాయి దగ్గరికొచ్చి ఆమె మొహంలోకి చూశాడు. చేతిలో చాయ్ గ్లాసు ఉంది.

"అక్కా, గిది ఎండ కాదు. మా అమ్మీకి షుగర్ పడిపోతె గిట్లనే అయితది. తెలివి ఉన్నప్పుడే జర గీ చాయ్ తాపున్రి. ఇంక రెండు చెంచాల చక్కెర ఏస్త."

"షుగర్ మనిషికి చక్కెరనా? పిచ్చి లేసిందా నీకు?"

"తాపి చూడున్రి. తప్పేంది?"

"నేను మందిచ్చేదాన్ని. నువ్వు నాకు చెప్తవా?"

గ్లాసు తోసేశాను. చాయ్ రోడ్డు మీద ఒలికింది. అప్పుడే పంతులమ్మను అన్నం సంగతి అడిగాను, చెల్లెకు ఏదో తిననిస్తే సరిపోతుందేమో అనిపించి. ఆమె టైము చెప్పి, "ఇంకో పావుగంట పెద్దమ్మా," అంది. ఆ మాట అయిపోకముందే చెల్లె ఒరిగింది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, చూపు లేదు.

ఇప్పుడు నేనే చక్కెర కోసం లేచాను. ఆటో భాయి చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దక్కా. తెలివి లేనప్పుడు నోట్లె పొయ్యొద్దు, ఊపిరిల పడ్తది. ఆటోల ఎక్కించున్రి."

రోడ్డు మీది జనం రాళ్లు జరిపారు. అన్నం ఉడుకుతున్న గంజును ఇద్దరు ఎత్తుకొని పక్కకు నిలబడ్డారు. సర్కారు దవాఖాన అయిదు నిమిషాలు కూడా లేదు. ఆ అయిదు నిమిషాలు ఆమె తల నా ఒళ్లో ఉంది. చెల్లె చస్తే డోర్నకల్‌లో ఆ కొడుకు మొహం ఎట్లా చూడాలి అనే ఆలోచించాను. ఆమె గురించి కాదు. ఉన్నమాట రాస్తున్నాను.

దవాఖానలో డాక్టరు చిన్న వయసువాడు, సమ్మెకు మద్దతుగా నల్ల బ్యాడ్జి పెట్టుకొని డ్యూటీ చేస్తున్నాడు. వేలు గుచ్చి మిషన్‌లో చూశాడు. నర్సమ్మ వైపు తిరిగి షుగర్ బాగా పడిపోయిందన్నాడు, ఆమె ఉరికి గ్లూకోజు తెచ్చింది. నరానికి ఎక్కిస్తుంటే నా చెల్లె చూపు మళ్లీ మనుషుల మీదికి వచ్చింది. "ఆకలైతాంది," అంది. నేను ఏడ్చాను.

"ఏం గోళీలు వాడుతది?" అడిగాడు డాక్టరు.

"ఏం లేదు సారు. బంద్ పెట్టించిన."

నర్సమ్మ చెల్లె నడుముకున్న సంచి విప్పింది. వక్క, తమలపాకు, కింద ఒక కాగితం కవరు. అందులో గోళీలు. కవరు మీద మెడికల్ షాపతను తెలుగులోనే రాశాడు. నేనే చదివాను. పొద్దున ఒకటి, తిండికి ముందు. పట్టీలో గోళీలు రోజుకొకటి చొప్పున ఖాళీ అయి ఉన్నాయి. ఆమె ఒక్క రోజు కూడా ఆపలేదు.

అరగంట కాలేదు, చెల్లె మళ్లీ మసకబారింది. మళ్లీ చెమట. డాక్టరు రెండోసారి గ్లూకోజు పెట్టించి నా దగ్గరికి వచ్చాడు.

"గోళి ఒక్కదానితోనే గిట్ల అయితదని నేననుకోను. ఇంకేమిచ్చిన్రు?"

నేను చెల్లె కొంగు సర్దాను.

"నిన్నే అవ్వా."

"ఆకు పొడి."

"ఏ ఆకు?"

"పేరు చెప్పరాదు సారు."

"ఎందుకు?"

"చెప్తే పనిచెయ్యది."

అతను కోపం చేయలేదు. "అది పనిచెయ్యొద్దనే గదా నేను గింత కొట్లాడుతున్న," అన్నాడు. "కొన్ని ఆకులు గుండెను పడ్తయి. కొన్ని కిడ్నీని తింటయి. ఏదో తెల్వకుంట నేను దేన్ని చూడాలె? ఎన్ని గంటలు చూడాలె?"

గోడకు ఆనుకొని నిలబడ్డాను. అమ్మ చేతిలో పెట్టిన చెయ్యి ఇదే. పంతులమ్మ నా వైపు చూస్తోంది. రాసిస్తే పోతుంది కదా, నోటితో చెప్పినట్టు కాదు కదా, అని ఒక్క క్షణం అనుకున్నాను. తర్వాత నా మీద నాకే సిగ్గేసింది. మంచం మీద ఉన్నది నా చెల్లె. నేను అమ్మతో బేరమాడుతున్నాను.

"పొడపత్రి," అన్నాను, అందరికీ వినపడేటట్టు. "నీడకు ఎండబెట్టిన పొడి. చెంచాడు. దాని మీద కాకరకాయ రసం సగం గ్లాసు. పన్నెండు రోజులైంది. తాగినంక ఎండ ముదిరేదాక తినొద్దన్న. రెండు మందులు కొట్లాడుతయని గోళి బంద్ పెట్టుమన్న."

డాక్టరు రాసుకున్నాడు. "రెండు మందులు కొట్లాడుతయనుకున్నవ్ గదా. కొట్లాడలె. రెండూ దోస్తులైనయి. ఒకటే పని చేసినయి, షుగర్‌ను కిందికి గుంజుడు. పైన నువ్వు తిండి బంద్ పెట్టినవ్. గీ గోళి ఒంట్ల శానసేపు ఉంటది, రేపటిదాక పంపియ్య."

మరునాడు మధ్యాహ్నం దాకా ఉంచుకున్నారు. గంట గంటకూ వేలు గుచ్చారు. ఇంటికొచ్చిన తర్వాత కూడా మూడు రోజులు ఆమెకు పెద్ద కోడలి పేరు గుర్తు రాలేదు. అడిగితే గోడ వైపు తిరిగి పడుకునేది. నాలుగో రోజు పొద్దున దానంతటదే వచ్చింది.

దవాఖాన నుంచి తెచ్చిన రోజే అడిగాను. "గోళీలు మింగేదానివి నా పొడి ఎందుకు తాగినవే?"

"తాగకపోతే నువ్వు అలుగుతవ్. మింగకపోతే నా కొడుకు అలుగుతడు. ఇద్దరికీ కోపం రావద్దని రెండూ మింగిన."

"చెప్పకపోతివి."

"నువ్వు చెప్పినవా, గ్లాసుల ఏం కలుపుతున్నవో?"



తర్వాత చాలా రోజులు పాతవాళ్లను లెక్కబెట్టుకున్నాను. నా దగ్గర పొట్లం తీసుకొని మళ్లీ రాని వాళ్లు ఎంతమందో. రానివాళ్లంతా బాగైనవాళ్లే అనుకొని ఇన్నేళ్లు బతికాను. అందులో ఎవరు సంచిలో గోళీలు దాచుకున్నారో, ఎవరు ఇంట్లో ఒరిగిపోయారో, అది ఎండదెబ్బ అని ఎవరు మట్టి చేశారో, నన్నెవరూ వచ్చి అడగలేదు. నేనూ ఎవరింటికీ పోయి అడగలేదు.

మందివ్వడం పూర్తిగా మానలేదు. దగ్గుకు, అజీర్తికి ఇస్తాను. షుగరుకు ఇవ్వను. ఎవరొచ్చినా ముందు గోళీల కవరు తెమ్మంటాను, లేదంటే సంచి విప్పమంటాను. కొందరికి కోపమొస్తుంది, రానీ. కడుపుతో ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు, పసిరికలైన వాళ్లకు, కిడ్నీ బాగాలేని వాళ్లకు ఆకు పెట్టను, దవాఖానకు పొమ్మంటాను. ఇచ్చిన ప్రతి పొట్లం మీద ఆకు పేరు, ఎంత వేసిందీ, నా అక్షరాలతో రాసి ఇస్తాను. వంకరగా ఉంటాయి కాని చదవొచ్చు. డాక్టరుకు ఇది చూపించు అంటాను. పేరు రాసినా దగ్గు తగ్గుతూనే ఉంది.

ఇప్పుడు అదే పొడపత్రి మందుల షాపులో డబ్బాలో వస్తోంది. పైన పచ్చటి ఆకు బొమ్మ. మొన్న ఒకామె డాక్టరు రాసిన గోళీలతో పాటు అది కూడా మింగుతున్నానంది. డాక్టరుకు చెప్పినవా అంటే, "ఆకే గదా అవ్వా, ఆకుకు ఏం చెప్పాలె," అంది. ఆమెను కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. మధ్యలో లేవబోతే చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాను. నమ్మినట్టు కనపడలేదు. అందుకే రాస్తున్నాను.

నమ్మనివాళ్లు అడగొచ్చు. నేను పేరు చెప్పినప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్లు వీళ్లు. నల్ల బ్యాడ్జి పెట్టుకున్న డాక్టరు. గ్లూకోజు సీసా పట్టుకున్న నర్సమ్మ. గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డ ఆటో భాయి. నాకు అక్షరాలు నేర్పిన పంతులమ్మ. మంచం మీద కళ్లు మూసుకొని, ఊపిరి మాత్రం పీలుస్తున్న నా చెల్లె. నేను.