అక్క పాటలో అమ్మ కేక

మొన్న గుడివాడ బస్టాండులో బంటుమిల్లి బస్సు కోసం కూర్చుని ఉంటే, పక్క బెంచీ మీద కాలేజీ అమ్మాయి ఫోనులోంచి ఒక పాట వినపడింది. రేకు మీద ఇనుము గీస్తున్న చప్పుడు, దాని మీద ఎవరో ఊపిరి తీసుకోకుండా మాట్లాడడం. అందరూ మొహం చిట్లించారు. నాకు మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. లేచి అటూ ఇటూ తిరుగుతుండగానే బస్సు వచ్చి వెళ్లిపోయింది కూడా.

మా అక్క బందరులో డిగ్రీ చదివేటప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఓడల్లో వెల్డింగు చేసే మావయ్య నాలుగు కాసెట్లు తెచ్చాడు. అట్టల మీద నల్లజాతి కుర్రాళ్లు మన వంక సూటిగా చూస్తుంటారు. అమెరికా ర్యాప్ అట, అందులోనూ తాళానికి లొంగని రకం. నాన్న ఒక నిమిషం విని, టేపురికార్డరు పాడైందనుకుని మూత తీసి గుడ్డతో తుడిచాడు. అక్క మాత్రం వదల్లేదు. మాటలు అర్థంకాక ఇంగ్లీషు మేడం దగ్గరికి పట్టుకెళ్లింది. ఆవిడ రెండుమూడు సార్లు విని, "తన రంగుని వెక్కిరించే మాటని ముందు తనే అనేసుకుంటున్నాడమ్మా. ఇంక ఎదటివాళ్లకి అనడానికేం మిగులుతుంది?" అన్నారట.

అక్క నలుపు. నేనూ నలుపే కాని చామనఛాయ అని చెప్పుకుని గట్టెక్కేదాన్ని. కాలేజీలో అక్కని తారుడబ్బా అనేవారు, పక్కన కూర్చుంటే చేపల వాసనని ముక్కు మూసుకునేవారు. మేడం ఆ మాట చెప్పిన దగ్గర్నుంచి అక్క కాలు ఒకచోట నిలవలేదు. టేపురికార్డరు చంకలో పెట్టుకుని తిరిగి, ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు, బోటు ఇంజను మోత, చివరికి చేపల గంపతో వీధులు తిరిగే అమ్మ కేక కూడా అమ్మకి తెలియకుండా పట్టేసింది.

వార్షికోత్సవానికి పేరిస్తే, కార్యక్రమాలు చూసే సారు, "ఫారిన్ ఐటమా? వెనక నలుగురికి మొహాన మసి పూద్దాం, సరదాగా ఉంటుంది. నీకైతే ఆ శ్రమ కూడా లేదు" అన్నారట. గదంతా నవ్వింది.

"వెనక ఎవరూ వద్దు సార్. నేనొక్కదాన్నే" అంది అక్క.

ఆ రోజు ఇంజను మోత మీద, గొంతు పెంచకుండా, తనకి పెట్టిన పేర్లన్నీ ఒక్కొక్కటే చదివింది. మొదట నవ్వులు. ఆరో పేరు వచ్చేసరికి ముందు వరసలు తలలు దించుకున్నాయి. అప్పుడు మైకులోంచి "చేపలమ్మా చేపలూ" అని అమ్మ గొంతు దద్దరిల్లింది. హాలంతా ఘొల్లున నవ్వింది. మంచి చీర కట్టుకుని నా పక్కన కూర్చున్న అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

రిక్షాలో అమ్మ ఒకటే అడిగింది. "నీ రంగు, నీ పేర్లు నీ ఇష్టం. నా గొంతు నన్నడక్కుండా ఎందుకు పెట్టావే?"

ఇంటికి రాగానే అక్క కాసెట్లన్నీ ట్రంకుపెట్టె అడుగున పడేసింది. నాలుగో రోజు అమ్మ ఊరు తిరిగొచ్చి, ఖాళీ గంప దించి, "ఏదీ, అది మళ్లీ పెట్టు" అంది. చివరిదాకా విని, "ఇక్కడ తొందరపడ్డావు. కేకేశాక కాసేపు ఆగాలి. లోపలున్న మనిషి వచ్చి తలుపు తియ్యొద్దూ?" అంది. అక్క ఏడుస్తూనే నవ్వింది. అమ్మ గొంతు సవరించుకుని మళ్లీ కేకేసింది, ఈసారి టేపురికార్డరు వంక చూస్తూ. ఆ తర్వాత ఉంచిన ఖాళీ ఎంత పొడుగో, ఎదురింటావిడ నిజంగానే గిన్నె పట్టుకుని వచ్చేసింది.

అక్క ఇప్పుడు దివిసీమలో టీచరు. మళ్లీ స్టేజీ ఎక్కలేదు. నేనిప్పుడు అప్పటి అమ్మ వయసుకి వచ్చాను. నా కోపం మాత్రం ఏళ్లతో పాటు చోట్లు మారుతూ వచ్చింది. అప్పట్లో అక్కని అలా అడిగినందుకు అమ్మ మీద ఉండేది, తర్వాత ఆ సారు మీద. ఇప్పుడు, హాలంతా నవ్వినప్పుడు అమ్మ పక్కనే కూర్చుని అందరితో పాటు నవ్విన నా మీద.